వృత్తి అనే గడి

క్లైడ్ నది దగ్గర ఆసుపత్రి, నేలమాళిగ,
కిటికీ లేని గది నాది.
రోగులు నా దగ్గరికి రారు, వాళ్ల గళ్లు వస్తాయి.
వయసు, లింగం, జాతి, పోస్ట్‌కోడ్, వృత్తి.
కణితి ఎక్కడ, ఏ దశ.
పదకొండేళ్లుగా నింపుతున్నాను.
ఒక్క ముఖమూ తెలీదు గాని
పోస్ట్‌కోడ్‌లు నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

గుట్టమీది వీధులవాళ్లు బఠాణీ గింజంత గడ్డతో
ముందే వచ్చేస్తారు.
నది వారవాళ్లు
"డాక్టరు టైము పాడుచేయడం ఎందుకులే" అని
చలికాలమంతా దగ్గి, వసంతంలో వస్తారు.
మధ్య దూరం రైల్లో ఆరు స్టేషన్లు.
నా పట్టికలో అది ఆయుష్షు.

ఏప్రిల్‌లో ఇంకో పట్టిక దిగుతుంది,
వైద్యం చేసేవాళ్లది.
అవే గళ్లు, కణితి ఒక్కటి తప్ప.
పెద్ద డాక్టరు ఇంతిసార్ బాబికిర్, పుట్టింది ఒమ్‌దుర్మాన్.
మందెక్కించే నర్సు మారివిక్, ఇలోయిలో.
కిరణాల యంత్రం దగ్గరి కెన్నాది లూయిస్ దీవి.
ఆమెను 'ఇక్కడివారు' గడిలో వేస్తే
"ఆఖరి పడవ తప్పిపోయిన రోజు అడుగు,
ఎక్కడిదాన్నో చెప్తా" అంటుంది.
స్ట్రెచర్ తోసే తెస్ఫాలెమ్
అస్మారాలో లెక్కల మాస్టారు.
దానికి గడి లేదు.

రెండు పట్టికలూ కలిపి బొమ్మ గీయమన్నారు పైవాళ్లు.
మంచంమీద దాదాపు ఒకటే రంగు,
మంచం చుట్టూ ఏడు రంగులు.
గీసి పంపాను.
బాగుంది, అక్షరాలు పెద్దవి చేయమన్నారు.

నవంబరులో ఒక గడి నన్ను మెట్లెక్కించింది.

యూఫీమియా గెమ్మెల్. డెబ్బై తొమ్మిది.
ఊపిరితిత్తి పొర.
వృత్తి: గృహిణి.
కంప్యూటరు ఎర్రబడింది.
ఈ కణితికి ఈ వృత్తి కుదరదు, సరిచూడండి.

నిజమే, అది రాతినార జబ్బు.
రాతిలోంచి నార తీసే రకం అంటాం పిసినారిని.
ఇక్కడ నిజంగానే తీశారు,
తీసి ఓడల కడుపుల్లో కుక్కారు.
కుక్కినవాళ్లకి రావాలి జబ్బు,
వంట చేసినామెకి ఎందుకు?

పైన, కుర్చీలో, దుప్పటిలో, పిడికెడంత మనిషి.
మారివిక్ ఆమె మోచేతిని తట్టి తట్టి
నరాన్ని బతిమాలుతోంది.
నేను కాగితం పట్టుకుని నిలబడ్డాను,
అప్పులవాడిలా.

"మా డూగల్ బాయిలర్లకి పూత వేసేవాడు.
సాయంత్రం మంచుమనిషిలా వచ్చేవాడు ఇంటికి.
గుమ్మం బయట నిలబెట్టి చీపురుతో దులిపేదాన్ని.
పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు.
శనివారం ఓవరాల్స్, ముందు గట్టిగా విదిలించి
తర్వాత ఉతుకు.
ఇరవై రెండేళ్లు.
ఆయనకేం రాలేదు. గుండె ఆగి హాయిగా పోయాడు."

వృత్తి ఏమని రాయమంటారు?

"బట్టలుతికానని రాయి.
జీతం లేదని కూడా రాయి."

"మా అమ్మా అంతే, చక్కెర మిల్లు చొక్కాలు"
అంది మారివిక్, తలెత్తకుండా.
"చక్కెరైతే తీపే కదమ్మా."
"కాదు. మసి."
ఇద్దరూ ఒకేసారి నవ్వారు,
ఆ కుదుపులో నరం దొరికింది.

కిందికొచ్చాను.
నలభై ఒక్క వృత్తుల జాబితాలో
ఉతకడం ఉంది, లాండ్రీల్లో, జీతానికి.
విదిలించడం లేదు.
చాలాసేపు చూసి
'ఓడల నిర్మాణం' నొక్కాను.
గడి పచ్చబడింది.
బొమ్మలో ఆ ముక్క
ఒక నారంత లావెక్కింది.

నిన్న పైనుంచి ప్రశ్న:
స్త్రీ, ఓడల నిర్మాణం. పొరపాటా?
కాదని రాశాను.
ఆధారం ఏమిటన్నారు.

చీపురు, అని రాశాను.